రౌండు సీలుకి కొత్త ఇన్‌చార్జి

మామిడిరేవు స్థానికత ధ్రువీకరణ కార్యాలయంలో ఒక కుక్క ఉద్యోగం చేసిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. అది శుద్ధ అబద్ధం. ఆ కుక్క ఉద్యోగం చెయ్యలేదు. ఇన్‌చార్జిగా మాత్రమే ఉంది. ఉద్యోగానికీ ఇన్‌చార్జికీ తేడా తెలియని జనం టీ కొట్ల దగ్గర కూర్చుని ప్రభుత్వ శాఖల గురించి నోరు పారేసుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా పేరు విశ్వపతి. పందొమ్మిదేళ్ళుగా ఆ ఆఫీసులో ఇన్‌వార్డు గుమాస్తాను. జరిగింది జరిగినట్టు చెప్పే అర్హత నాకుంది కనక చెబుతున్నాను.

మా ఆఫీసు చేసే పని చాలా చిన్నది. మామిడిరేవులో పుట్టినవాడు మామిడిరేవులోనే పుట్టాడని కాగితం ఇస్తాం. ఆ కాగితం నేను రాస్తాను. అధికారి ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెడతారు. చివర దాని మీద రౌండు సీలు పడుతుంది. రౌండు సీలు పడని కాగితం పకోడీలు పొట్లం కట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ సీలు సూపరింటెండెంటు సూర్యప్రకాశంగారి చేతిలో ఇరవై రెండేళ్ళు ఉంది. ఆయన మధ్యాహ్నం ఆవకాయ అన్నం తిని, చెయ్యి కడిగీ కడగనట్టు కడిగి, సీలు పట్టుకునేవారు. దానిది టేకు పిడి. ఇరవై రెండేళ్ళ ఆవకాయ నూనె పట్టి అది నల్లగా నిగనిగలాడుతూ ఉండేది.

పోయిన నెల ముప్పై ఒకటిన, సోమవారం నాడు, సూర్యప్రకాశంగారు రిటైరయ్యారు. రిటైరయ్యే మనిషి తన దగ్గరున్న ప్రభుత్వ వస్తువును స్వయంగా మరొకరికి అప్పగించాలి. పుచ్చుకున్నవాళ్ళు చార్జి కాగితం మీద సంతకం పెట్టాలి. అప్పుడే ఆయన గుమ్మం దాటాలి. కొత్త సూపరింటెండెంటును ఇంకా వెయ్యలేదు. అందుకని ఆయన మెళ్ళో బంతిపూల దండతో, చేతిలో సీలుతో, ఒక్కొక్క బల్ల దగ్గరికీ వచ్చారు.

అందరం చేతులు వెనక్కి పెట్టుకున్నాం. సీలు పుచ్చుకున్నవాడు సీలు వెయ్యాలి. అది తప్పు కాగితం మీద పడితే సంజాయిషీ వాడే ఇచ్చుకోవాలి. తెలిసి తెలిసి చెయ్యి ఎవడు చాపుతాడు? టైపిస్టు హైమవతిగారు మోకాలు నొప్పి అన్నారు. అటెండరు నూకరాజు తనకి చదువు తక్కువన్నాడు. మా అధికారి త్రిపురారిరావుగారు సెల్‌ఫోను చెవికి పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు. అది మోగనేలేదు.

అయిదు కావస్తోంది. సూర్యప్రకాశంగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు రికార్డు రూములోంచి బూరె వచ్చింది. వానాకాలంలో నూకరాజు గోనెసంచిలో పెట్టి తెచ్చిన కుక్కపిల్ల అది. తెచ్చినప్పుడు గుండ్రంగా, ఎర్రగా ఉండేదని ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు ఎనిమిది నెలలది, కాళ్ళూ చెవులూ సాగిన పడుచుకుక్క. అది వచ్చి సీలు పిడిని వాసన చూసి, కళ్ళు అరమోడ్చి, నోట కరుచుకుంది.

"ఇది పుచ్చుకుంది. మీరు నలుగురూ సాక్షులు" అన్నారు సూర్యప్రకాశంగారు.

సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యవచ్చని నిబంధన ఉంది. ఆయన బూరె కుడి ముందుకాలును స్టాంపు ప్యాడు మీద అద్ది, చార్జి కాగితం మీద ఒత్తారు. మేం నలుగురం సాక్షి సంతకాలు చేశాం. రిటైరయ్యే రోజున కూడా ఒక్క కాగితం లోపం లేకుండా వెళ్ళిన మనిషి ఆయన.

మర్నాడు పొద్దున్నే కాసులమ్మ వచ్చింది. రేవులో ఎండుచేపలు అమ్ముతుంది. గంప మెట్ల దగ్గర దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. వాళ్ళమ్మాయి గంగాభవానికి ఫిషరీస్ పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. వాళ్ళ పేటలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. మేమిచ్చే కాగితం పద్దెనిమిదో తారీఖు శుక్రవారం సాయంత్రం అయిదు లోపల నెట్‌లో ఎక్కించకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

"అయ్యా, మా పిల్ల కాయితం అయిపోనాదా అండి?"

"అయిపోయింది. సంతకం కూడా అయింది. సీలు పడాలి."

"ఏసెయ్యండి మరి."

నేను రికార్డు రూము వైపు చూపించాను. బెంచీ కింద బూరె పడుకుని ఉంది. సీలు రెండు ముందుకాళ్ళ మధ్య ఉంది. దాని మీద గడ్డం ఆనించి ఉంది. నూకరాజు "ఇలా తేవే" అంటూ వెళ్ళాడు. ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే బూరె ఒళ్ళంతా కొయ్యబారింది. పైపెదవి లేచింది. గొంతులోంచి ఒక మాదిరి చప్పుడు వచ్చింది. నూకరాజు లెక్కచెయ్యకుండా చెయ్యి చాపి లాగబోయాడు. కుడి మోకాలి దగ్గర ఖాకీ ప్యాంటు జానెడు పోయింది.

"నిన్నటిదాకా నా కాళ్ళమీద పడి పొర్లిందండి. ఇయ్యాల నన్నే గుర్రుమంటందండి. పదవొచ్చాకా అంతేనండి" అన్నాడు నూకరాజు కళ్ళు తుడుచుకుంటూ.

త్రిపురారిరావుగారు స్వయంగా లేచి వచ్చారు. గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, "సదరు శునకమునకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నీ అధీనమందున్న ప్రభుత్వ ముద్రను తక్షణమే ఈ కార్యాలయమునకు దాఖలు చేయవలెను" అన్నారు.

బూరె సీలు నోట కరుచుకుని గోడ వారకి ఒక అడుగు జరిగింది.

"ఆదేశం అందింది. కదలిక కనిపించింది. నోట్ చేసుకోండి" అన్నారు ఆయన నాతో.

నాలుగు రోజులు ప్రయత్నాలు సాగాయి. బుధవారం చీపురు చూపించాం. గురువారం గోనెపట్టా కప్పి లాక్కోవాలని చూశాం. శుక్రవారం నలుగురం ఒకేసారి అరిచాం. ఎన్నిసార్లు లాక్కోబోతే అంత పట్టుదల పెరిగింది దానికి. మొదట్లో నాలుగడుగుల్లో గుర్రుమనేది. తరవాత రికార్డు రూము గుమ్మంలో నిలబడితే గుర్రుమంది. శుక్రవారం సాయంత్రానికి వరండాలో ఎవరైనా దగ్గినా గుర్రుమంటోంది.

కిటికీ అవతల నిలబడి ఇదంతా చూస్తున్న కాసులమ్మ ఊరుకోలేకపోయింది. "మేం ఇసకలో చేపలెండబెడితే ఇలాంటియ్యి బోల్డు వత్తాయండి బాబూ. లాగితే మరీ బిగిసిపోద్దండి. మీరు లాక్కోడానికే వత్తన్నారని దాని బయ్యం."

"అమ్మా, ఇది శాఖాపరమైన అంశం. ప్రజలు జోక్యం చేసుకోరాదు" అన్నారు త్రిపురారిరావుగారు.

ఏడో తారీఖున పశువుల డాక్టరు షారోనుగారిని పిలిపించాం. చిన్న వయసు, మెత్తటి మాట. దూరంగా నిలబడి బూరెని పావుగంట చూసి ఆవిడ కూడా కాసులమ్మ మాటే చెప్పింది. కుక్కకి ఇష్టమైన వస్తువు దొరికితే దాన్ని పోగొట్టుకుంటానని భయపడుతుందట. కొడితే, లాక్కుంటే ఆ భయం నిజమని నమ్ముతుందట. దూరంనుంచి మంచి తిండి విసిరి వెనక్కి వచ్చెయ్యాలట. మనిషి వస్తే ఏదో ఒకటి దొరుకుతుందే తప్ప పోదని దానికి తెలిశాక, నెమ్మదిగా దగ్గరికి వెళ్ళి, సీలుకన్నా విలువైనది పెట్టి మార్చుకోవాలట.

త్రిపురారిరావుగారి మొహం పాలిపోయింది. "ప్రభుత్వ సీలుకన్నా విలువైనదా?"

"దాని దృష్టిలో, సార్. ఉడికించిన కోడిగుడ్డు చాలు."

"కోడిగుడ్డు ప్రభుత్వ సీలుకన్నా విలువైనదని నేను రాతపూర్వకంగా ఒప్పుకోవాలా?"

"రాయక్కర్లేదు సార్. పెడితే చాలు."

"డాక్టరుగారూ, రాయకుండా పెట్టడం అనేది ఈ కార్యాలయంలో ఇంతవరకు జరగలేదు" అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న నిబ్బరం చూసి నాకు గర్వమేసింది.

అదే రోజు ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాశాం. ముసాయిదా నాదే. 'ప్రభుత్వ రౌండు సీలుకన్నా అధిక విలువ గల తినదగిన పదార్థమేదైనా మన శాఖ గుర్తించి ఉన్నదా? ఉన్నచో దాని పేరు, తినిపించు అధికారి హోదా తెలుపగలరు.' ఇంత స్పష్టమైన ప్రశ్న మా శాఖలో అదివరకెవరూ వెయ్యలేదని నా నమ్మకం.

ఈలోగా కాసులమ్మ రోజూ రావడం మానలేదు. రికార్డు రూము కిటికీకి పదడుగుల అవతల గంప దించేది. గంపలోంచి ఒక ఎండు నెత్తలి చేప తీసి కిటికీలోంచి లోపలికి విసిరి, బూరె వైపు చూడనైనా చూడకుండా వెళ్ళిపోయేది. మళ్ళీ కాసేపటికి వచ్చి ఇంకోటి విసిరేది. ఒకరోజు గంప ఒక అడుగు ముందుకి జరిగింది. ఇంకోరోజు ఇంకో అడుగు. అది దరఖాస్తు కాదు, ఫిర్యాదూ కాదు. ఇన్‌వార్డులో ఎక్కించడానికి పద్దు లేదు. అందుకని నేను పట్టించుకోలేదు.

పదకొండో తారీఖున జవాబు వచ్చింది. 'ప్రభుత్వ సీలుకన్నా విలువైన వస్తువు లేదు, ఉండబోదు. అయితే దానితో సమాన విలువ గల వస్తువు ఒకటి కలదు. అది మరియొక ప్రభుత్వ సీలు.' జవాబుతో పాటు ఎర్ర గుడ్డసంచిలో కొత్త రౌండు సీలు కూడా వచ్చింది. సంచికి చీటీ ఉంది. 'శునకముతో మార్పిడి నిమిత్తం మాత్రమే.'

హైమవతిగారు కొత్త సీలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "సార్, అదే సీలు కదా. దీంతోనే ఆ అమ్మాయి కాగితం మీద వేసేస్తే అయిపోతుందిగా?"

నేను తల దించుకున్నాను. నూకరాజు కూడా తల దించుకున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి నోట అలాంటి మాట వస్తుందని మేమెవరం అనుకోలేదు.

"హైమవతిగారూ, ఆ సీలు ఏ నిమిత్తం వచ్చింది?" అన్నారు త్రిపురారిరావుగారు చాలా శాంతంగా.

"మార్పిడి నిమిత్తం సార్."

"నిమిత్తం తరవాత ఏముంది?"

"మాత్రమే అని ఉంది సార్" అని ఆవిడ సిగ్గుతో చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

కొత్త సీలును నూకరాజు పట్టకారుతో పట్టుకుని గుమ్మంలోంచి విసిరాడు. బూరె లేచి, దాన్ని తీసుకెళ్ళి పాతదాని పక్కన పెట్టుకుని, రెండింటి మీదా గడ్డం ఆనించి పడుకుంది.

"పాతది వదిలిందా?"

"లేదండి. రెండూ ఉంచేసుకుందండి."

త్రిపురారిరావుగారు నాచేత ఇలా రాయించారు: 'మార్పిడిలో ఈ కార్యాలయపు వంతు విజయవంతంగా పూర్తయినది. శునకము వంతు పెండింగులో కలదు.'

పద్నాలుగో తారీఖున జిల్లా అధికారి తనిఖీకి వచ్చారు. మా అందరి ప్రాణాలూ అరచేతిలో ఉన్నాయి. ఆయన నేరుగా రికార్డు రూము గుమ్మం దాకా వెళ్ళి, బూరె గుర్రుమనేదాకా నిలబడి, వెనక్కి తిరిగారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

"రెండు వారాలుగానండి."

"సీటు వదిలి లేచిందా?"

"అవసరాలకి తప్ప లేవలేదండి. లేచినా రెండూ నోట కరుచుకునే వెళుతోందండి."

"ఒక్క దరఖాస్తుదారుణ్ణయినా దగ్గరికి రానిచ్చిందా?"

"లేదండి."

"సిఫార్సులు?"

"నేనే చేశానండి. నా ప్యాంటు పీకేసింది" అన్నాడు నూకరాజు.

"త్రిపురారిరావుగారూ" అన్నారు జిల్లా అధికారి, "నా సర్వీసులో ఎందరో ఉద్యోగులను చూశాను. ప్రభుత్వ ఆస్తి పట్ల ఇంతటి నిబద్ధత, ఒత్తిళ్ళకు లొంగని ఈ నిష్పాక్షికత ఎక్కడా కానరాలేదు. జిల్లా అంతటా దీనిని ఆచరణలోకి తేవలసి ఉన్నది."

మర్నాటికల్లా సర్క్యులరు వచ్చేసింది. ప్రతి ఉద్యోగీ తన అధీనంలోని ఒక వస్తువును ఎన్నుకుని, దాన్ని స్వశరీరంతో కాపాడాలి. ఎవరైనా నాలుగడుగుల లోపలికి వస్తే హెచ్చరిక ధ్వని చెయ్యాలి. దీనికి 'పరిరక్షణ పక్షోత్సవం' అని పేరు పెట్టారు. గుమ్మానికి బ్యానరు కూడా కట్టాం.

త్రిపురారిరావుగారు ఆకుపచ్చ ఇంకు పెన్నును ఎన్నుకున్నారు. దాని మీద రెండు మోచేతులూ ఆనించి కూర్చున్నారు. హైమవతిగారు స్టాంపు ప్యాడు ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ బోర్లించారు. నూకరాజు మంచినీళ్ళ కుండను కౌగలించుకున్నాడు. దాంతో మూడు రోజులు మాకెవరికీ నీళ్ళు లేవు. నేను ఇన్‌వార్డు రిజిస్టరు ఎన్నుకున్నాను. సీలు పడాల్సిన కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. బల్ల మీద రిజిస్టరు పెట్టి, దాని మీద గడ్డం ఆనించాను.

మొదటిరోజు అభ్యాసంలో నా ధ్వని బాగా లేదన్నారు. "గాంభీర్యం చాలదు విశ్వపతిగారూ. అది ఆకలి చప్పుడులా ఉంది" అన్నారు త్రిపురారిరావుగారు తన గదిలోంచి, మోచేతులు కదపకుండానే. నాకు పౌరుషం వచ్చింది. ఇంటికెళ్ళి కూడా సాధన చేశాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ పప్పుగిన్నె కోసం చెయ్యి చాపితే నా గొంతులోంచి చప్పుడు దానంతటదే వచ్చింది. ఆవిడ గరిటె తీసింది. ఇంట్లో సాధన అక్కడితో ఆపేశాను.

గురువారానికి మా ఆఫీసు జిల్లాలోకెల్లా ఆదర్శంగా తయారయింది. ఎవరి దగ్గరా ఏదీ కదలడం లేదు. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే మా చప్పుడు విని వెనక్కి వెళ్ళిపోతున్నారు. ఆ నిశ్శబ్దంలో నేను ఒక సంగతి గమనించాను. కాసులమ్మ అడుగుల చప్పుడు వినపడగానే బూరె చెవులు నిక్కబొడుస్తోంది. తోక నేలమీద టపటపా కొడుతోంది. కాసులమ్మ కిటికీ దగ్గరికి వస్తే సీళ్ళు రెండూ వదిలేసి లేచి వస్తోంది. త్రిపురారిరావుగారికి చెప్పాలనుకున్నాను. కాని లేస్తే రిజిస్టరు వదలాలి.

శుక్రవారం, పద్దెనిమిదో తారీఖు, సాయంత్రం నాలుగు గంటలకి కాసులమ్మ లోపలికి వచ్చింది. వాళ్ళమ్మాయి ఎదురుగా ఉన్న నెట్ సెంటరులో కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఇంకా గంట ఉంది. మేమందరం, తన గదిలో పెన్ను మీదనుంచి మోచేతులు తియ్యకుండానే త్రిపురారిరావుగారూ, ఒకేసారి హెచ్చరిక ధ్వని చేశాం. అంత చక్కగా కలిసి వచ్చిన ధ్వని అదివరకెప్పుడూ రాలేదు. ఆవిడ మమ్మల్ని పట్టించుకోకుండా రికార్డు రూములోకి నడిచి, బెంచీకి పక్కగా గచ్చు మీద చతికిలబడి, గుప్పెడు నెత్తల్లు తీసింది.

"రాయే బూరీ."

బూరె పాత సీలు నోట కరుచుకుని ఆవిడ దగ్గరికి వచ్చింది. నెత్తల్లు వాసన చూసింది. సీలు కింద పెట్టి తినడం మొదలెట్టింది. ఆవిడ తొందరపడలేదు. ఇంకో రెండు పెట్టింది. సీలు చేతిలోకి తీసుకుని, చూసి, మళ్ళీ దాని ముందే పెట్టేసింది. బూరె ఆశ్చర్యపోయింది. ఈసారి తనే సీలు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. రెండున్నర వారాలుగా ఒక శాఖ యావత్తూ చెయ్యలేని పని అది.

కాని సీలు ఒక్కటే ఉంటే చాలదు. దానికి ఇంకు కావాలి. ఆవిడ హైమవతిగారి బల్లకి నాలుగడుగుల దూరంలో ఆగింది. హైమవతిగారు పళ్ళు బిగించి ధ్వని చేశారు.

"అమ్మగారూ, మీ మోకాలు నెప్పి ఎలాగుందండి? మెట్లెక్కేటప్పుడు మొన్న నాను సూశాను, కుడికాలు ఈడుత్తన్నారు" అంది కాసులమ్మ.

హైమవతిగారి ధ్వని మధ్యలోనే ఆగిపోయింది. ఆ నొప్పి గురించి ఆవిడ మాకు పదేళ్ళుగా చెబుతున్నారు. మేమెవరం ఎలా ఉందని అడగలేదు. "కుడికాలేనమ్మా. ఇదిగో, ఇక్కడ మొదలై ఇలా పైకి లాగుతుంది" అంటూ చూపించడానికి రెండు చేతులూ ఎత్తారు. ఆవిడ తొడనుంచి పిక్కదాకా చూపించేటప్పటికి స్టాంపు ప్యాడు కాసులమ్మ చేతిలో ఉంది. హైమవతిగారు గమనించలేదు. గమనించినా అడిగేవారు కాదనే నా అనుమానం.

తరవాత కాసులమ్మ నా దగ్గరికి వచ్చింది. నాలుగడుగుల దూరంలో నిలబడింది. నేను చేతనైనంత గంభీరంగా గుర్రుమన్నాను.

"అయ్యా, మా పిల్ల కాయితం ఇవ్వొద్దులెండి. మీ దగ్గరే ఉంచండి" అంది. "నాకు సదువు రాదండి. దాన్లో మా పిల్ల పేరు ఎలా పడిందో ఓసారి సదివి ఇనిపించండి, సాలు."

నేను వేలకొద్దీ కాగితాలు రాశాను. నా దస్తూరీ బాగుంటుందని నాకు తెలుసు. ఒక్కరైనా ఆగి చదివిన పాపాన పోలేదు. లాక్కోవడం, మడతపెట్టడం, పరుగెత్తడం, అంతే. వినిపించమని అడిగిన మనిషి ఈవిడే. నేను గడ్డం ఎత్తాను. రిజిస్టరు తెరిచి కాగితం తీసి, కళ్ళజోడు సవరించుకుని చదివాను. "ఓలేటి గంగాభవాని, తండ్రి కీర్తిశేషులు ఓలేటి నారాయణ, తల్లి ఓలేటి కాసులమ్మ, ఈ మామిడిరేవు గ్రామమందు జన్మించి, ఇచ్చటనే పెరిగి, ఇచ్చటనే విద్యనభ్యసించినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

"అంతా నిజవేనండి" అంది కాసులమ్మ. ఆవిడ కళ్ళు తడిశాయి. "మా ఆయన పేరు కూడా రాశారు."

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. మళ్ళీ పెట్టుకుని చూసేసరికి కాగితం ఆవిడ చేతిలో ఉంది. నేనే ఇచ్చాను.

ఆవిడ కాగితం గచ్చు మీద పరిచి సీలు ఎత్తింది. అప్పుడు నాలోని గుమాస్తా మేలుకున్నాడు. "ఆగమ్మా! సీలు వెయ్యవలసింది ఇన్‌చార్జి. బయటివాళ్ళు వేస్తే దొంగ కాగితం అవుతుంది."

"అంతేగా" అని కాసులమ్మ బూరె కుడి ముందుకాలు తీసుకుని పిడి మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కింది. సీలు గుండ్రంగా, నిండుగా, అంచు చెదరకుండా పడింది. సూర్యప్రకాశంగారు కూడా అంత బాగా వేసేవారు కాదు. సీలు తిరిగి బూరె ముందు పెట్టి, "నీది నీకే, ఉంచుకో" అని ఇంకో నెత్తలి పెట్టి, కాగితం గుండెకి హత్తుకుని రోడ్డు దాటింది. నాలుగూ యాభై రెండుకి గంగాభవాని కాగితం నెట్‌లో ఎక్కింది. అవతల్నుంచి పిల్ల కేక మాకు వినపడింది. నేను రిజిస్టరులో టైము రాసుకున్నాను. ఎందుకు రాశానో నాకే తెలియదు.

సోమవారం త్రిపురారిరావుగారికి సంగతి తెలిసి ఒంటికాలి మీద లేచారు. పక్షోత్సవం మధ్యలో మా ఆఫీసునుంచి ఒక కాగితం బయటికి వెళ్ళింది. అదీ గడువు లోపల. బూరెకి మెమో తయారయింది. 'ఇన్‌చార్జిగా ఉంటూ, పై అధికారుల అనుమతి లేకుండా, అర్హురాలైన దరఖాస్తుదారుకు సకాలంలో పత్రం జారీచేసిన అభియోగంపై తమను ఎందుకు సస్పెండు చేయరాదో సంజాయిషీ ఇవ్వవలెను.' ఆయన గుమ్మంలో నిలబడి దాన్ని పైకి చదివారు.

బూరె బెంచీ కిందనుంచి లేచింది. గుర్రుమనలేదు. పాత సీలు నోట కరుచుకుని వచ్చి త్రిపురారిరావుగారి పాదాల దగ్గర పెట్టింది. వెనక్కి వెళ్ళి కొత్త సీలు కూడా తెచ్చి పక్కన పెట్టింది. తరవాత ఎదురుగా కూర్చుని, తోక ఆడిస్తూ, ఆయన మొహంలోకి చూసింది. ఇస్తే బదులుగా ఏదో ఒకటి దొరుకుతుందని అది నేర్చుకుంది. ఇప్పుడు మా వంతు అని మా అందరికీ అర్థమయింది.

ఆయన జేబులు తడుముకున్నారు. కళ్ళజోడు డబ్బా ఉంది. నేను సొరుగు లాగాను. గుండుసూదులున్నాయి. హైమవతిగారు క్యారేజీ తెరిచారు. ఖాళీ. నూకరాజు కుండలోకి తొంగి చూశాడు. ఇవ్వడం కోసమే పెట్టిన ఆఫీసు మాది. అంతా వెతికాం. ఇవ్వడానికి ఏమీ లేదు. బూరె తోక ఆడిస్తూనే ఉంది. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

చివరికి త్రిపురారిరావుగారు చేతిలో ఉన్న మెమో దాని ముందు పెట్టారు. బూరె దాన్ని రెండు వైపులా వాసన చూసింది. తోక ఆగిపోయింది. మెట్ల మీద అప్పుడే కాసులమ్మ వచ్చి నిలబడింది, పిల్లని కాలేజీలో దింపి వచ్చానని మాతో చెప్పడానికి. బూరె మా మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి ఆవిడ గంప పక్కన నిలబడింది. వాళ్ళిద్దరూ రేవు వైపు వెళ్ళిపోయారు. నూకరాజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సీళ్ళు రెండూ గచ్చు మీద ఉన్నాయి. చార్జి ఎవరు పుచ్చుకుంటారని త్రిపురారిరావుగారు అడిగారు. మేం ముగ్గురం చేతులు వెనక్కి పెట్టుకున్నాం. అంతలో వరండాలో ఎవరో, "ఏవండీ, కాగితం కావాలండీ" అన్నారు. ఆ మాట వినపడగానే త్రిపురారిరావుగారి కుడికాలు పాత సీలు మీదా, ఎడంకాలు కొత్త సీలు మీదా పడ్డాయి. ఒళ్ళంతా కొయ్యబారింది. పైపెదవి లేచింది. ఆయన గొంతులోంచి వచ్చిన గాంభీర్యం నాకు ఎంత సాధన చేసినా రాలేదు.

ఆ రోజునుంచి ఆయన అక్కడినుంచి కదలలేదు. కుర్చీ అక్కడికే వేశాం. మూడో రోజున డాక్టరు షారోనుగారిని మళ్ళీ పిలిచాం. ఆవిడ నాలుగడుగుల దూరంలో నిలబడి ఆయన్ని పావుగంట చూసింది. జేబులోంచి ఒక బిస్కట్టు తీసి విసిరి చూసింది. ఆయన దాని మీద కూడా చెయ్యి వేసుకున్నారు.

"కుక్కకి కుదిరింది కదా డాక్టరుగారూ. సార్‌కి కుదరదా?" అన్నాను.

"దానిది లేత వయసు. మూడు వారాల్లో మానేసింది" అంది ఆవిడ. "సార్‌కి సర్వీసు ఎంత?"

"ముప్పై ఒక్క ఏళ్ళండి."

ఆవిడ సంచీ మూసేసింది. "అయితే రిటైరయ్యేదాకా దగ్గరికి వెళ్ళకండి" అని చెప్పి చెప్పులు వేసుకుంది.